డీఎల్‌ఎల్ మిస్సింగ్ అని వస్తే తప్పు మీ ల్యాప్‌టాప్‌ది కాదు

ఒక చిన్న సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ చేస్తాం. పేజీలో పెద్ద అక్షరాలతో ‘స్టాండ్‌అలోన్ యాప్, ఇన్‌స్టాల్ అక్కర్లేదు, డబుల్ క్లిక్ చేస్తే చాలు’ అని ఉంటుంది. డబుల్ క్లిక్ చేస్తే యాప్ రాదు, పాపప్ వస్తుంది. ఎంఎస్‌వీసీపీ140.డీఎల్‌ఎల్ దొరకలేదు కాబట్టి ప్రోగ్రామ్ నడవదు, మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తే సరిపోవచ్చు అని దాని సారాంశం. ఇన్‌స్టాలే లేని యాప్‌ని మళ్ళీ ఇన్‌స్టాల్ చేయడం ఎలాగో ఆ పాపప్ రాసినవాళ్ళే చెప్పాలి.

తర్వాత జరిగేది కూడా తెలిసిందే. ఆ ఫైల్ పేరు యథాతథంగా గూగుల్‌లో కొడతాం. ‘ఫ్రీ డీఎల్‌ఎల్ డౌన్‌లోడ్’ అనే సైట్లు వరసగా కనిపిస్తాయి. యూట్యూబ్‌లో రెండు నిమిషాల వీడియో ఒకటి, ఫైల్ దించుకుని సిస్టమ్32 ఫోల్డర్‌లో పడేయమంటుంది. పడేస్తాం. పనైతే అయింది, కాకపోతే ‘నా సిస్టమ్ పాతదైపోయిందిలే’ అనుకుని వదిలేస్తాం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఒక యాప్‌ని స్టాండ్‌అలోన్ అని పిలిచి జనం చేతిలో పెట్టాక, అందులో లైబ్రరీ లేకపోవడం వాడేవాళ్ళ సమస్య కానే కాదు. ప్యాకింగ్ సగంలో ఆపేసిన డెవలపర్ సమస్య అది. అడిగిన యూజర్‌కి ‘ఆ డీఎల్‌ఎల్ దించుకోండి బ్రో’ అని ఒక లైన్ రాసి చేతులు దులుపుకోవడం నాకు అస్సలు మింగుడుపడదు. ఎందుకంటే ఆ ఒక్క లైన్ ఆ మనిషిని ఎక్కడికి పంపుతుందో నాకు తెలుసు.

ముందు వాడేవాళ్ళ కోసం

డీఎల్‌ఎల్ అంటే ఫాంట్ లాంటి, వాల్‌పేపర్ లాంటి ఫైల్ కాదు. లోపల ఉండేది ప్రోగ్రామ్ కోడే. యాప్ దాన్ని లోడ్ చేసుకున్న క్షణం నుంచి, ఆ యాప్‌కి ఉన్న అధికారాలన్నీ దానికీ ఉంటాయి. మీ ఫైళ్ళు చదవొచ్చు, నెట్‌కి కనెక్ట్ అవ్వొచ్చు. యాప్‌ని అడ్మిన్‌గా రన్ చేస్తే ఇక చెప్పనక్కర్లేదు. ఎవరు అప్‌లోడ్ చేశారో తెలియని డీఎల్‌ఎల్‌ని తెచ్చి సిస్టమ్32లో పెట్టుకోవడం అంటే, రోడ్డు మీద దొరికిన తాళం తెచ్చి బీరువాకి వేసుకోవడమే. రెండో తాళంచెవి ఎవరి జేబులో ఉందో మీకు తెలీదు.

వైరస్ లేదనే అనుకుందాం. అయినా ఇంకో గొడవ ఉంది. 64 బిట్ విండోస్‌లో సిస్టమ్32 అనే ఫోల్డర్‌లో ఉండేవి 64 బిట్ ఫైళ్ళు. 32 బిట్ ఫైళ్ళు ఉండేది సిస్‌వావ్64 అనే ఫోల్డర్‌లో. అవును, మీరు సరిగ్గానే చదివారు, పేర్లు తలకిందులుగా ఉన్నాయి. పాత ప్రోగ్రామ్‌లు చెడకుండా ఉండటానికి మైక్రోసాఫ్ట్ చేసుకున్న సర్దుబాటు అది. వీడియో చూసి 32 బిట్ ఫైల్‌ని సిస్టమ్32లో వేశారనుకోండి, ‘దొరకలేదు’ అనే ఎర్రర్ పోయి సీ000007బీ అనే కోడ్‌తో ఇంకో ఎర్రర్ వస్తుంది. ఇప్పుడు దాన్ని గూగుల్ చేయాలి. ఇంకో వీడియో, ఇంకో ఫైల్.

వీసీరన్‌టైమ్, ఎంఎస్‌వీసీపీ, ఎంఎస్‌వీసీఆర్ అని మొదలయ్యే పేరు కనిపిస్తే అది మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్ రన్‌టైమ్ ముక్క. విడి ఫైల్ కోసం వెతకొద్దు. మైక్రోసాఫ్ట్ సొంత సైట్‌లో ‘రీడిస్ట్రిబ్యూటబుల్’ ప్యాకేజీ ఫ్రీగా ఉంటుంది, దాన్ని ఇన్‌స్టాల్ చేయండి. పేరు చివర 140 ఉంటే 2015 నుంచి 2022 వరకు ఉన్న విజువల్ స్టూడియోలన్నిటికీ కలిపి ఒకటే ప్యాకేజీ. 120 ఉంటే 2013ది, 110 ఉంటే 2012ది, 100 ఉంటే 2010ది, ఇవి వేటికవే. ‘నా దగ్గర 140 ఆల్రెడీ ఉంది, అయినా వీసీరన్‌టైమ్140_1 లేదంటోంది’ అని చాలామంది కంగారుపడతారు. ఆ అండర్‌స్కోర్ 1 ఫైల్ విజువల్ స్టూడియో 2019తో వచ్చింది, 64 బిట్‌కి మాత్రమే. మీ దగ్గరున్న ప్యాకేజీ అంతకంటే పాతదన్నమాట. కొత్తది పైన వేస్తే సరిపోతుంది. యాప్ 32 బిట్టో 64 బిట్టో తెలియకపోతే ఎక్స్86, ఎక్స్64 రెండూ వేసేయండి, ఒకదానికొకటి అడ్డురావు.

ఇంతే. ఇది కూడా నిజానికి మీరు చేయాల్సిన పని కాదు. డెవలపర్ చేయలేదు కాబట్టి మీరు చేస్తున్నారు.

ప్యాకర్ కంటికి కనిపించనివి

ఇక ఈ సైట్ చదివేవాళ్ళలో సగం మంది ఏదో ఒక రోజు సొంత యాప్ రాసి ఫ్రెండ్స్‌కి పంపేవాళ్ళే. కాలేజీ ప్రాజెక్టు కావచ్చు, బాబాయి కొట్టుకి బిల్లింగ్ టూల్ కావచ్చు. పైథాన్‌లో రాసి, పైఇన్‌స్టాలర్‌తో ఈఎక్స్‌ఈ చేసి, వాట్సాప్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో పంపుతాం. కాబట్టి ఆ ఉదాహరణే పట్టుకుంటా.

పైఇన్‌స్టాలర్ మీ కోడ్‌ని రన్ చేసి చూడదు. చదువుతుంది. ఎక్కడెక్కడ ఇంపోర్ట్ అని ఉందో వెతికి, ఆ మాడ్యూళ్ళలోకి వెళ్ళి, వాటి ఇంపోర్టులు వెతికి, అలా గొలుసు మొత్తం పట్టుకుని ఒక మూట కడుతుంది. మూటలో పైథాన్ ఇంజిన్‌ని కూడా పెడుతుంది కాబట్టి అవతలి సిస్టమ్‌లో పైథాన్ లేకపోయినా నడుస్తుంది. చాలా మంచి టూల్, నేను రోజూ వాడతా. కానీ చదివి కనిపెట్టగలిగినవే దానికి తెలుస్తాయి. మాడ్యూల్ పేరుని ఒక స్ట్రింగ్‌గా కట్టి నడుస్తున్నప్పుడు ఇంపోర్ట్ చేస్తే దానికి తెలీదు. ప్లగిన్‌లు ఇలాగే లోడ్ అవుతాయి. లైబ్రరీ ఫోల్డర్‌లో ఉన్న మోడల్ ఫైళ్ళు, ఎక్స్‌ఎంఎల్ ఫైళ్ళు, ఐకాన్‌లు ఇంపోర్టులు కావు కాబట్టి అవీ తెలీవు. సీటైప్స్ ద్వారా ‘ఇది 64 బిట్టా? అయితే ఫలానా డీఎల్‌ఎల్ తెరువు’ అని అప్పటికప్పుడు పేరు తేల్చుకునే లైబ్రరీలు ఉంటాయి, అవి మరీ కష్టం.

ఈ కంతలు పూడ్చడానికి హుక్స్ అనే చిన్న స్క్రిప్టులు ఉన్నాయి. ‘ఈ లైబ్రరీ ఉంటే ఈ ఫైళ్ళు కూడా తీసుకో’ అని చెప్పే చీటీల్లాంటివి. పైఇన్‌స్టాలర్‌తో కొన్ని వస్తాయి, కమ్యూనిటీ రాసినవి వేరే ప్యాకేజీగా వస్తాయి. మాడ్యూల్ నాట్ ఫౌండ్ అని రాగానే చాలామంది హిడెన్ ఇంపోర్ట్ ఆప్షన్‌తో ఒక్కొక్క పేరూ చేర్చుకుంటూ పోతారు. ఒకటి చేర్చగానే ఇంకోటి లేదంటుంది. పది సార్లు బిల్డ్ చేసి విసుగెత్తుతారు. దానికి ముందు హుక్స్ ప్యాకేజీ అప్‌డేట్ చేసి చూడండి, సగం గొడవలు అక్కడే తీరిపోతాయి. తీరకపోతే కలెక్ట్ ఆల్ అనే ఆప్షన్ ఉంది, ఆ లైబ్రరీకి సంబంధించిన మాడ్యూళ్ళు, డేటా, డీఎల్‌ఎల్‌లు అన్నీ లాక్కొస్తుంది. సైజు పెరుగుతుంది, పెరగనీయండి.

బిల్డ్ ఫోల్డర్‌లో వార్న్ అని మొదలయ్యే టెక్స్ట్ ఫైల్ ఒకటి తయారవుతుంది. దొరకని మాడ్యూళ్ళ లిస్ట్ అందులో ఉంటుంది. దాన్ని తెరిచేవాళ్ళు తక్కువ, తెరిచి భయపడేవాళ్ళు ఎక్కువ. విండోస్‌లో బిల్డ్ చేస్తే పోసిక్స్, జీఆర్‌పీ, పీడబ్ల్యూడీ లాంటి పేర్లు ఎప్పుడూ ఉంటాయి. అవి లైనక్స్, మ్యాక్ కోసం ఉన్న మాడ్యూళ్ళు, వదిలేయండి. మీరు పేరు గుర్తుపట్టే లైబ్రరీ ఏదైనా అందులో కనిపిస్తే మాత్రం ఆగి చూడాలి.

ఇంకో చిన్న మాట. విండో యాప్‌గా బిల్డ్ చేస్తే ఎర్రర్ పూర్తిగా కనిపించదు. తేడా కొట్టినప్పుడు ముందు కన్సోల్ ఉండేలా బిల్డ్ చేసి, కమాండ్ ప్రాంప్ట్ తెరిచి అక్కడి నుంచి రన్ చేయండి. డబుల్ క్లిక్ చేస్తే నల్ల కిటికీ మెరిసి మాయమవుతుంది, అందులో ఏముందో చదవడానికి ఎవరికీ అంత చూపు ఉండదు.

ఆబ్సెంట్ ఒకరు, పిలిచిన పేరు ఇంకొకరిది

ఈ ఎర్రర్లలో అన్నిటికంటే ఎక్కువ టైం తినేది ఇదే.

ఫైనల్ ఇయర్ కుర్రాళ్ళు కొందరు ఒకసారి క్యూఆర్ అటెండెన్స్ యాప్ పట్టుకొచ్చారు. వెబ్‌క్యామ్ ముందు ఐడీ కార్డు చూపిస్తే హాజరు పడుతుంది. క్యూఆర్ చదవడానికి పైజెడ్‌బార్ అనే లైబ్రరీ వాడారు. అది వెనక జెడ్‌బార్ అనే పాత సీ లైబ్రరీని సీటైప్స్‌తో లోడ్ చేస్తుంది. ‘అన్నా, మా నలుగురి ల్యాప్‌టాప్‌లలో నడుస్తోంది, ల్యాబ్ సిస్టమ్‌లో మాత్రం లిబ్‌ఐకాన్వ్.డీఎల్‌ఎల్ దొరకలేదంటోంది. ఆ ఫైల్ మేం పెట్టాం, ఫోల్డర్‌లో కనిపిస్తోంది కూడా’ అన్నారు. రెండు రోజుల్లో డెమో. అప్పటికే ఆ ఒక్క ఫైల్‌ని మూడు నాలుగు చోట్ల కాపీ చేసి చూశారు.

ఆ మెసేజ్‌ని చివరిదాకా చదవాలి. పైథాన్ 3.8 నుంచి అందులో ఒక ముక్క అదనంగా ఉంటుంది: ఈ మాడ్యూల్ గానీ, ఇది ఆధారపడ్డ ఇంకోటి గానీ దొరకలేదు అని. అసలు విషయమంతా ఆ రెండో సగంలో ఉంది. విండోస్ ఒక డీఎల్‌ఎల్ తెరవాలంటే దానికి కావాల్సిన మిగతా డీఎల్‌ఎల్‌లు కూడా దొరకాలి. వాటిలో ఒకటి లేకపోయినా మొదటిది తెరవడం ఫెయిల్ అవుతుంది, విండోస్ 126 అనే ఎర్రర్ కోడ్ ఇస్తుంది. ఏది లేదో మాత్రం చెప్పదు. పక్కవాడు క్లాసుకి రాలేదని, ఎదురుగా కూర్చున్నవాడికి ఆబ్సెంట్ వేసినట్టు.

అక్కడ నిజంగా లేనిది ఎంఎస్‌వీసీఆర్120. అంటే విజువల్ సీ ప్లస్ ప్లస్ 2013 రన్‌టైమ్. పైజెడ్‌బార్ రీడ్‌మీలోనే ఉంది ఈ సంగతి, విండోస్‌లో ఇంపోర్ట్ ఎర్రర్ వస్తే 2013 రీడిస్ట్రిబ్యూటబుల్ కావాల్సి రావచ్చని. కుర్రాళ్ళ ల్యాప్‌టాప్‌లలో ఎందుకు నడిచిందంటే, నలుగురూ గేమ్స్ ఆడతారు. గేమ్స్ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు ఈ రన్‌టైమ్‌లన్నీ వెనక నుంచి చప్పుడు లేకుండా వేసుకుంటాయి. స్టీమ్ వాడేవాళ్ళు కామన్ రీడిస్ట్ అనే ఫోల్డర్ చూసే ఉంటారు. ల్యాబ్ సిస్టమ్‌లో గేమ్స్ ఎవరు పెడతారు?

ఇలాంటప్పుడు ఊహించడం మానేసి చూడాలి. డిపెండెన్సీస్ అనే ఓపెన్ సోర్స్ టూల్ ఉంది. డీఎల్‌ఎల్‌ని అందులోకి లాగితే దానికి ఏమేం కావాలో చెట్టులా చూపించి, దొరకనిది గుర్తుపెట్టి చూపిస్తుంది. పాత డిపెండెన్సీ వాకర్ వాడొద్దు. విండోస్ 7 నుంచి వచ్చిన ఏపీఐ సెట్ల సంగతి దానికి తెలియక, బాగున్న ఫైల్‌కి కూడా పదుల కొద్దీ ఎర్రర్లు చూపించి బెదరగొడుతుంది. నడుస్తున్నప్పుడు లోడ్ అయ్యేవాటికైతే మైక్రోసాఫ్ట్ సిస్‌ఇంటర్నల్స్ వాళ్ళ ప్రాసెస్ మానిటర్ ఉంది. మీ ఈఎక్స్‌ఈ పేరుతో ఫిల్టర్ పెట్టి ‘నేమ్ నాట్ ఫౌండ్’ లైన్లు చూడండి. అవి చాలా ఉంటాయి, కంగారు పడకండి. విండోస్ ముందు యాప్ సొంత ఫోల్డర్‌లో, తర్వాత సిస్టమ్ ఫోల్డర్లలో, ఆ తర్వాత పాత్‌లో ఉన్నవాటిలో వెతుక్కుంటూ పోతుంది కాబట్టి ప్రతి చోటా లేదు లేదు అని పడటం మామూలే. అన్ని చోట్లా లేదని వచ్చి, చివరికి ఎక్కడా ‘సక్సెస్’ పడని పేరు ఏదో వెతకండి. ఆబ్సెంట్ అయింది అదే.

కుర్రాళ్ళకి ఇది కనిపెట్టడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అంతకుముందు రెండు రాత్రులు పోయాయి.

మా దగ్గర నడుస్తోంది

మీ ల్యాప్‌టాప్ మీ యాప్‌కి పుట్టిల్లు. అక్కడ అన్నీ దొరుకుతాయి. పైథాన్ ఉంది, విజువల్ స్టూడియో ఉంది, రన్‌టైమ్‌లు ఉన్నాయి, పాత్‌లో పాతిక ఫోల్డర్లు ఉన్నాయి. ప్యాకింగ్‌లో ఏదైనా మిస్ అయినా అది బయట నుంచి తెచ్చుకుని హాయిగా నడిచేస్తుంది. కాబట్టి బిల్డ్ చేసిన మెషీన్‌లో టెస్ట్ చేయడాన్ని నేను టెస్టింగే అనను.

విండోస్ 10 ప్రో 1903 వెర్షన్ నుంచి విండోస్ శాండ్‌బాక్స్ అనే ఫీచర్ ఉంది. ఆన్ చేస్తే కొత్తగా అప్పుడే పుట్టిన విండోస్ ఒక కిటికీలో తెరుచుకుంటుంది. మీ ఫోల్డర్ అందులో పేస్ట్ చేసి రన్ చేయండి. మూసేస్తే అన్నీ చెరిగిపోతాయి, మళ్ళీ తెరిస్తే మళ్ళీ కొత్తది. ఈ పనికి ఇంతకంటే మంచిది లేదు. ఇబ్బందల్లా ఇది హోమ్ ఎడిషన్‌లో రాదు, మన దగ్గర స్టూడెంట్లు కొనే ల్యాప్‌టాప్‌లలో వచ్చేది ఎక్కువగా హోమే. వాళ్ళు వర్చువల్‌బాక్స్‌లో ఒక విండోస్ వేసుకుని, ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా స్నాప్‌షాట్ తీసి పెట్టుకోవాలి. అదీ కుదరకపోతే ఇంట్లో అమ్మ వాడే ల్యాప్‌టాప్, పక్కింటి అంకుల్ ఆఫీస్ పనికి పెట్టుకున్న సిస్టమ్, గేమ్స్ పడనిది ఏదైనా సరే.

పాత మెషీన్లని మర్చిపోకండి. కిరాణా కొట్లలో, మెడికల్ షాపుల్లో విండోస్ 7 ఇంకా కనిపిస్తూనే ఉంది. పైథాన్ 3.9 నుంచి విండోస్ 7 సపోర్ట్ లేదు. అక్కడ మీ యాప్ తెరిస్తే ‘ఏపీఐ ఎంఎస్ విన్ కోర్ పాత్’ అని మొదలయ్యే పెద్ద పేరున్న డీఎల్‌ఎల్ లేదని వస్తుంది. ఆ ఫైల్‌ని ఎక్కడి నుంచో తెచ్చి పెట్టమని చెప్పేవాళ్ళు ఉన్నారు, వినకండి. అది విండోస్ 8 నుంచి సిస్టమ్‌లో భాగమైన ఏపీఐ. దారులు రెండే. పైథాన్ 3.8తో బిల్డ్ చేయడం, లేదా ‘విండోస్ 7లో నడవదు’ అని డౌన్‌లోడ్ బటన్ పక్కనే రాయడం. రెండోది చేయడానికి చాలామందికి మొహమాటం. నడవదని ముందే చెబితే ఎవరూ తిట్టరు, అరగంట ప్రయత్నించాక తెలిస్తే తిడతారు. 32 బిట్ విండోస్‌కి కావాలంటే 32 బిట్ పైథాన్‌తో విడిగా బిల్డ్ చేయాలి. విండోస్‌కి కావాలంటే విండోస్‌లోనే బిల్డ్ చేయాలి, మ్యాక్‌లో కూర్చుని ఈఎక్స్‌ఈ తీయడం పైఇన్‌స్టాలర్‌కి రాదు.

మన దగ్గర చేయాల్సిన టెస్ట్ ఇంకోటి ఉంది. విండోస్ యూజర్ పేరుని తెలుగు అక్షరాల్లో పెట్టి చూడండి. యూజర్ ఫోల్డర్ పేరు తెలుగులో ఉంటే, సీలో రాసిన కొన్ని లైబ్రరీలు ఆ పాత్‌ని చదవలేక చతికిలపడతాయి. విండోస్‌లో ఓపెన్‌సీవీ ఇమ్‌రీడ్‌కి ఈ జబ్బు ఉందని దాన్ని వాడినవాళ్ళకి తెలుసు. ఫైల్ అక్కడే ఉంటుంది, యాప్ మాత్రం లేదంటుంది. మన భాషలో పేరు పెట్టుకున్నవాడికి మన యాపే నడవకపోతే ఎంత చికాకో ఆలోచించండి.

ఒక్క ఫైల్ మోజు

ఇక్కడ నాతో చాలామంది గొడవపడతారు, పడనీ.

పైఇన్‌స్టాలర్‌లో వన్‌ఫైల్ అనే ఆప్షన్ ఉంది. మొత్తం యాప్ ఒకే ఈఎక్స్‌ఈగా వస్తుంది. చూడ్డానికి ముద్దుగా ఉంటుంది, పంపడానికి తేలిక. అందుకే యూట్యూబ్ పాఠాలన్నీ దానితోనే మొదలవుతాయి. కానీ అది ఒక్క ఫైల్ కాదు, మూట. తెరిచిన ప్రతిసారీ ఎంఈఐ అనే పేరుతో టెంప్‌లో ఒక ఫోల్డర్ చేసి, మూటలోని వందల ఫైళ్ళూ అందులో విప్పి, అప్పుడు యాప్‌ని మొదలుపెడుతుంది. మామూలు హార్డ్‌డిస్క్ ఉన్న కొట్టు కంప్యూటర్‌లో ఆ విప్పడానికే ఎంతసేపు పడుతుందో చూడండి. యాంటీవైరస్‌కి ఈ తీరు అనుమానంగా కనిపిస్తుంది. తెలియని ఈఎక్స్‌ఈ వచ్చి టెంప్‌లో డీఎల్‌ఎల్‌లు పరిచి రన్ చేస్తుంటే ఏ వాచ్‌మనైనా ఆపుతాడు. యూపీఎక్స్‌తో కంప్రెస్ కూడా చేస్తే అనుమానం ఇంకాస్త పెరుగుతుంది, కొన్ని డీఎల్‌ఎల్‌లు పాడైపోతాయి కూడా. యాంటీవైరస్ మధ్యలో ఒక డీఎల్‌ఎల్‌ని క్వారంటైన్ చేసిందా, మళ్ళీ మిస్సింగ్ లైబ్రరీ ఎర్రర్. ఈసారి మీ ప్యాకింగ్ కరెక్టే, ఫైల్ మాత్రం లేదు. దీన్ని దూరం నుంచి కనిపెట్టడం నరకం.

ఫోల్డర్‌గా బిల్డ్ చేయండి. ఏముందో ఏం లేదో కంటికి కనిపిస్తుంది. ‘ఫోల్డర్ ఇస్తే జనం ఈఎక్స్‌ఈ ఒక్కటే డెస్క్‌టాప్‌కి కాపీ చేసుకుంటారు, అప్పుడు పైథాన్ డీఎల్‌ఎల్ లేదంటుంది’ అని మీరనొచ్చు. నిజమే, నేనూ చూశా. పైఇన్‌స్టాలర్ 6 నుంచి లైబ్రరీలన్నీ ఇంటర్నల్ అనే లోపలి ఫోల్డర్‌లోకి వెళ్ళాయి కాబట్టి ఈ పొరపాటు ఇంకా సులువు. దానికి మందు వన్‌ఫైల్ కాదు, ఇన్‌స్టాలర్. ఇన్నో సెటప్ 1997 నుంచి ఉంది, ఫ్రీ. పంపేది అప్పుడూ ఒక్క ఫైలే. ఫోల్డర్‌ని సరైన చోట పెడుతుంది, డెస్క్‌టాప్ మీద షార్ట్‌కట్ ఇస్తుంది, మైక్రోసాఫ్ట్ రన్‌టైమ్‌ని వెనక నుంచి వేస్తుంది. ఆ కుర్రాళ్ళ అటెండెన్స్ యాప్ చివరికి ఇలాగే ల్యాబ్‌కి వెళ్ళింది, 2013 రన్‌టైమ్‌ని వెంటబెట్టుకుని.

ఫోన్లోనూ ఇదే కథ

ఇదంతా పీసీ గోల అనుకునేవాళ్ళకి ఒక మాట. ఫ్రెండ్ ఫోన్ నుంచి యాప్‌ని ఏపీకేగా తీసి పంపితే, మీ ఫోన్‌లో తెరవగానే మూసుకుపోయిందా? 2021 ఆగస్టు నుంచి ప్లే స్టోర్‌లో కొత్త యాప్‌లు బండిల్ రూపంలోనే ఇవ్వాలి. గూగుల్ దాన్ని ముక్కలు చేసి, మీ ఫోన్‌కి కావాల్సిన ముక్కలు మాత్రమే పంపుతుంది. బేస్ ఏపీకే ఒకటి, ప్రాసెసర్‌కి సరిపడే ఎస్‌ఓ లైబ్రరీలు ఒక ముక్క, స్క్రీన్‌కి ఒకటి, భాషకి ఒకటి. షేరింగ్ యాప్ బేస్ ఒక్కటే పంపిందనుకోండి, కొన్ని యాప్‌లు ఇన్‌స్టాలే కావు, కొన్ని ఇన్‌స్టాల్ అయ్యి తెరవగానే అన్‌శాటిస్‌ఫైడ్ లింక్ ఎర్రర్‌తో పడిపోతాయి. పాత 32 బిట్ ఏపీకేలు దాచుకున్నవాళ్ళకి 2022లో పిక్సెల్ 7 వచ్చినప్పుడు ఇంకో దెబ్బ తగిలింది, అందులో 64 బిట్ యాప్‌లే నడుస్తాయి. అదే రోగం, అదే ‘నా ఫోన్ పాడైందేమో’ అనే అనుమానం.

లైనక్స్ వాళ్ళు నవ్వుకోనక్కర్లేదు. అన్ని లైబ్రరీలూ ఒకే ఫైల్‌లో మోసుకెళ్ళడానికే పుట్టిన యాప్‌ఇమేజ్, ఉబుంటు 22.04లో డబుల్ క్లిక్ చేస్తే తెరుచుకోలేదు. ఎందుకు? లిబ్‌ఫ్యూజ్2 అనే లైబ్రరీ డిఫాల్ట్‌గా లేదు కాబట్టి. ఇంకోటి జీలిబ్‌సీ. దాన్ని ప్యాకర్లు మూటలో పెట్టవు, సిస్టమ్‌ది వాడుకుంటాయి. ఉబుంటు 22.04లో 2.35 ఉంటే 20.04లో 2.31 ఉంది. కొత్తదానిలో బిల్డ్ చేసినది పాతదానిలో ఫలానా వెర్షన్ దొరకలేదని ఆగిపోవచ్చు. మీరు సపోర్ట్ చేయదలుచుకున్న వాటిలో అన్నిటికంటే పాత సిస్టమ్‌లో బిల్డ్ చేయాలి, కొత్తవాటిలో అదే నడుస్తుంది.

మోసుకెళ్ళిన బరువు

నా వాదనకి ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటేయడం న్యాయం కాదు. ప్రతి యాప్ తన లైబ్రరీలు తానే మోసుకెళ్తే, ఒక లైబ్రరీలో సెక్యూరిటీ లోపం బయటపడినప్పుడు ఏమవుతుంది? 2023 సెప్టెంబర్‌లో లిబ్‌వెబ్‌పీ విషయంలో చూశాం. వెబ్‌పీ బొమ్మలు తెరిచే ఆ లైబ్రరీలో పెద్ద లోపం దొరికింది. క్రోమ్ అప్‌డేట్ అయింది, ఫైర్‌ఫాక్స్ అప్‌డేట్ అయింది. కానీ ఎలక్ట్రాన్ మీద కట్టిన యాప్‌లు ఒక్కొక్కటీ సొంత కాపీ మోస్తున్నాయి. ఎవరికి వాళ్ళు కొత్త బిల్డ్ విడుదల చేస్తే తప్ప ఆ కాపీలు మారవు. సిస్టమ్‌లో ఒకటే కాపీ ఉంటే ఒక్క అప్‌డేట్‌తో పోయేది.

కాబట్టి నేను అన్నీ కట్టేయమనడం లేదు. మైక్రోసాఫ్ట్ రన్‌టైమ్‌ల లాంటివి ఇన్‌స్టాలర్ ద్వారా సిస్టమ్‌లోనే వేయండి, పక్క యాప్‌లకీ అదే పనికొస్తుంది. మిగతావి మూటలో పెట్టండి, పెట్టినవాటి పేర్లు, వెర్షన్లు ఒక టెక్స్ట్ ఫైల్‌లో రాసి ఉంచండి. వాటిలో దేనికైనా సెక్యూరిటీ అప్‌డేట్ వస్తే మళ్ళీ బిల్డ్ చేసి పంపాల్సింది మీరే. అంత ఓపిక లేకపోతే క్యూఆర్ చదివే ఒక్క పని కోసం నాలుగు వందల ఎంబీ లైబ్రరీలు ఇంపోర్ట్ చేయకుండా ఉంటే సరి.

ఇక నా వంతు. రివ్యూ కోసం వచ్చే విండోస్ టూల్స్‌ని ఈ నెల నుంచి ముందు శాండ్‌బాక్స్‌లోనే తెరుస్తున్నా. అక్కడ తెరుచుకోకపోతే ఫీచర్ల దాకా వెళ్ళను, పాపప్ స్క్రీన్‌షాట్ తీసి డెవలపర్‌కి పంపుతా. వాళ్ళు బిల్డ్ సరిచేసి పంపితే రివ్యూ ఉంటుంది. మీరు వాడే టూల్స్‌లో ఇలాంటిది ఏదైనా ఉంటే, పాపప్‌లో ఫైల్ పేరు, మీ విండోస్ వెర్షన్, 32 బిట్టా 64 బిట్టా అన్న మూడు వివరాలతో డెవలపర్‌కి నేరుగా రాయండి. ఆ మూడూ ఉంటే వాళ్ళు ‘మా దగ్గర నడుస్తోంది’ అనడం కష్టం.